మంచుబాట యోధుడు సెప్పాలా



రిలే పందెంలో నలుగురు పరుగెత్తుతారు. కానీ చివరి వంద మీటర్లు పరుగెత్తి దారం తెంపినవాడినే మనం భుజాల మీదికి ఎత్తుకుంటాం. మొదటి ముగ్గురూ కర్రను చేతిలో బిగించి ఎంత పరుగెత్తారో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఇది మన గ్రౌండులో జరిగే సంగతే కాదు, ప్రపంచ చరిత్రలో కూడా ఇలాగే జరిగింది. అలాంటి ఒక గొప్ప రిలేలో అన్నిటికన్నా కష్టమైన, పొడవైన దారి దాటిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు లియొన్‌హార్డ్ సెప్పాలా. కుక్కలు లాగే మంచుబండి పందేలలో ఆయనను మించినవారు ఆ రోజుల్లో అరుదు. ఆయన జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మన హాస్టల్ మిత్రులకు, పూర్వ విద్యార్థులకు పరిచయం చేయాలని మేము అనుకున్నాం.

బాల్యం - వలస

సెప్పాలా 1877 సెప్టెంబరు 14న నార్వే దేశపు ఉత్తర కొసన ఉన్న స్కిబోట్న్ అనే చిన్న ఊరిలో జన్మించారు. వారిది క్వెన్ అనే కుటుంబం. క్వెన్‌లు అంటే ఫిన్లాండు వైపు నుంచి వచ్చి నార్వేలో స్థిరపడిన అల్పసంఖ్యాక ప్రజలు. తండ్రి కమ్మరి పని చేసేవారు, సముద్రంలో చేపలు పట్టేవారు. ఇంటికి పెద్ద కొడుకైన సెప్పాలా చిన్నతనంలోనే తండ్రితో పాటు పడవ ఎక్కారు, కొలిమి దగ్గర సమ్మెట పట్టారు. చలికాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడే కనబడని ప్రాంతం అది. అక్కడ పెరిగినవారికి చలి కొత్త కాదు, కష్టమూ కొత్త కాదు.

1898లో అమెరికాకు చెందిన అలాస్కాలో, బేరింగ్ సముద్రం ఒడ్డున నోమ్ అనేచోట బంగారం బయటపడింది. దాన్ని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరైన యాఫెట్ లిండెబెర్గ్ సెప్పాలాకు స్నేహితుడు. ఆయన మాట మీద 1900లో సెప్పాలా నోమ్‌కు వలస వెళ్లారు. బంగారం ఏరుకుని ధనవంతుడవ్వాలని వేలమంది అక్కడికి చేరారు. చాలామందికి మట్టే మిగిలింది. సెప్పాలా లిండెబెర్గ్ గనుల కంపెనీలో కూలిపనితో మొదలుపెట్టి, తర్వాత సరుకులు చేరవేసే బండ్లు తోలే పనిలోకి వచ్చారు. అక్కడ చలికాలంలో సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. రోడ్లు లేవు. మందులైనా, ఉత్తరాలైనా, తిండి గింజలైనా కుక్కలబండి మీదే రావాలి. అలా కుక్కలు ఆయన జీవితంలోకి వచ్చాయి.

ఎలుకలన్న కుక్కలే గెలిచాయి

నోమ్‌లో 1908 నుంచి ఏటా ఒక పెద్ద పందెం జరిగేది. దాని పేరు ఆల్ అలాస్కా స్వీప్‌స్టేక్స్. నోమ్ నుంచి క్యాండిల్ అనే ఊరికి వెళ్లి తిరిగి రావాలి. మొత్తం 408 మైళ్లు, అంటే సుమారు 656 కిలోమీటర్లు. ఎన్ని కుక్కలతో బయలుదేరారో అన్ని కుక్కలతోనే తిరిగి రావాలి. నడవలేని కుక్కను బండిలో వేసుకుని తేవాలి కానీ దారిలో వదిలేయకూడదు, మార్చకూడదు.

మొదట్లో అందరూ భారీగా ఉండే అలాస్కా కుక్కలనే కట్టేవారు. 1909లో బేరింగ్ సముద్రం అవతల సైబీరియా నుంచి చిన్న చిన్న కుక్కలను కొన్నిటిని పందేనికి తెచ్చారు. వాటిని చూసి నోమ్ జనం నవ్వారు. అవి కుక్కలు కావు, సైబీరియా ఎలుకలు అన్నారు. ఆ ఎలుకలే ఆ ఏడు మూడో స్థానంలో వచ్చాయి. మరుసటి ఏడు, 1910లో, జాన్ జాన్సన్ అనే ఆయన అలాంటి కుక్కలనే కట్టి 74 గంటల 14 నిమిషాల్లో పందెం గెలిచారు. ఆ కుక్కలను తరతరాలుగా పెంచి తీర్చిదిద్దింది సైబీరియా తీరంలోని చుక్చీ అనే ఆదిమ జాతి ప్రజలు. తక్కువ తిండితో, ఎక్కువ దూరం, ఒకే వేగంతో పరుగెత్తే గుణం వాటికి చుక్చీల పెంపకంలో అబ్బింది. ఈరోజు ప్రపంచమంతా ముద్దుగా పెంచుకునే సైబీరియన్ హస్కీ ఆ జాతిదే. 1930లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దానికి గుర్తింపు ఇచ్చింది. ఎలుకలన్నవాళ్ల నోళ్లు అప్పటికే మూతపడ్డాయి.

1913లో ధ్రువయాత్రికుడు అముండ్‌సెన్ ఉత్తర ధ్రువానికి వెళ్లాలనుకున్నప్పుడు లిండెబెర్గ్ ఆయన కోసం కొన్ని సైబీరియా కుక్కలను తెప్పించి, శిక్షణ ఇమ్మని సెప్పాలాకు అప్పగించారు. యాత్ర ఆగిపోయింది. కుక్కలు సెప్పాలాకే మిగిలాయి.

వాటితో 1914లో ఆయన మొదటిసారి పెద్ద పందెంలో దిగారు. దారిలో తుఫాను పట్టుకుంది. బాట తప్పి, సముద్రం మీదికి వాలిన కొండ అంచుదాకా బండి జారిపోయింది. ఎలాగో కుక్కలను వెనక్కి మళ్లించారు. కానీ కుక్కల పాదాలు చీలి రక్తం కారుతోంది. సెప్పాలా అక్కడితో పందెం మానుకున్నారు. చేతకాక కాదు, తన తొందర వల్ల మూగజీవాలు బాధపడ్డాయన్న పశ్చాత్తాపంతో. ఆ ఏడాదంతా వాటికి మాన్పు చేసి, ఎవరి కంటా పడకుండా మెల్లగా తర్ఫీదు ఇచ్చారు. 1915, 1916, 1917 మూడేళ్లూ వరుసగా ఆయనదే గెలుపు.

పనికిరాదన్న పిల్ల

అదే రోజుల్లో ఆయన దగ్గర ఒక కుక్కపిల్ల పుట్టింది. బక్కది, గొంతు వాపుతో తీసుకునేది. సెప్పాలా భార్య కాన్‌స్టెన్స్ దానికి సేవ చేసి బతికించారు. కాస్త పెరిగాక అల్లరి ఎక్కువైంది. బండికి పనికిరాదని తేల్చి ఒక ఇంటికి పెంచుకోవడానికి ఇచ్చేశారు. అది అక్కడ ఉండలేక కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి, మైళ్లకొద్దీ పరుగెత్తి సెప్పాలా ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత ఆయన బండి ఎక్కడికి వెళ్తే అక్కడికి కట్లు తెంచుకుని వెనకాలే వచ్చేది. విసిగిపోయి ఎనిమిది నెలల వయసులో ఒకరోజు దాన్ని కూడా బండికి కట్టారు. ఆ సాయంత్రానికే అది ముందు వరుసకు చేరింది. దాని పేరు టోగో. జపాన్ నౌకాదళ సేనాని టోగో పేరు దానికి పెట్టారు.

మందు కోసం పరుగు

1925 జనవరి. నోమ్‌లో పిల్లలకు గొంతునొప్పి, జ్వరం మొదలయ్యాయి. ఒక్కొక్కరే ఊపిరాడక చనిపోతున్నారు. అది డిఫ్తీరియా, మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవారు. ఈరోజు చిన్నప్పుడే వేసే టీకాల వల్ల దాని భయం మనకు అంతగా తెలియదు. నోమ్‌లో ఉన్నది ఒకే ఒక్క డాక్టరు, కర్టిస్ వెల్చ్. ఆయన దగ్గరున్న సీరం మందుకు గడువు తీరిపోయింది. జనవరి 22న ఆయన సహాయం కోరుతూ టెలిగ్రాంలు పంపారు.

యాంకరేజ్ రైల్వే ఆసుపత్రిలో 3,00,000 యూనిట్ల సీరం దొరికింది. రైలు నెనానా వరకే వస్తుంది. అక్కడినుంచి నోమ్ 674 మైళ్లు, అంటే 1,085 కిలోమీటర్లు. ఆనాటి విమానాలకు పైకప్పు లేదు, ఆ చలిలో ఎగరలేవు. టపా బండికి ఆ దూరం సుమారు 25 రోజులు పట్టేది. అందుకని 20 మంది బండి తోలేవారిని, సుమారు 150 కుక్కలను దారి పొడవునా నిలబెట్టి, చేతి నుంచి చేతికి మందు అందించాలని నిర్ణయించారు.

జనవరి 27 రాత్రి నెనానా నుంచి షానన్ అనే ఆయన మొదటి బండి తోలారు. సున్నాకు 45 డిగ్రీల దిగువన చలి. ఆయన ముఖం గడ్డకట్టి నల్లబడింది. అటునుంచి యూకాన్ నది వెంట మందు చేతులు మారుతూ వచ్చింది.

ఇటు నోమ్ నుంచి సెప్పాలా ఎదురు వెళ్లారు. ఆయన ఒక్కగానొక్క కూతురు సిగ్రిడ్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు, ఆమె నోమ్‌లోనే ఉంది. ముందు అనుకున్న ప్రకారం నులాటో దాకా వెళ్లి మందు తేవలసింది ఆయనే. ఆయన బయలుదేరిన తర్వాత దారిలో ఇంకా బండ్లు పెంచారు. ఆ మాట ఆయనకు చెప్పే మార్గం లేదు. సుమారు 170 మైళ్లు వెళ్లాక, షక్టూలిక్ దగ్గర హెన్రీ ఇవానాఫ్ అనే ఆయన బండి ఎదురైంది. ఇవానాఫ్ కేకలు వేసి ఆపకపోతే సెప్పాలా గాలిహోరులో దాటిపోయేవారే.

మందు చేతికి వచ్చింది. తిరిగి వెళ్లడానికి రెండు దారులు. తీరం వెంట చుట్టూ తిరిగి వెళ్లడం ఒకటి, గడ్డకట్టిన నార్టన్ సౌండ్ అనే సముద్రపాయ మీదుగా అడ్డంగా వెళ్లడం రెండోది. గాలికి ఆ మంచు ఎప్పుడు పగిలి సముద్రంలోకి కొట్టుకుపోతుందో తెలియదు. రోజు ఆదా చేయడానికి ఆయన మంచు దారినే ఎంచుకున్నారు. చీకట్లో, ఎదురుగాలిలో దారి కనబడదు. ముందున్న టోగో వాసనతో, పాదాల స్పర్శతో దారి పట్టింది. అప్పటికి దానికి పన్నెండో ఏడు, కుక్కకు అది ముసలితనం. వారు దాటిన కొద్ది గంటలకే ఆ మంచు పగిలిపోయింది.

సెప్పాలా మందును 91 మైళ్లు మోసి గొలోవిన్‌లో ఓల్సన్‌కు అందించారు. వెళ్లిన దూరంతో కలిపి 261 మైళ్లు, అంటే 420 కిలోమీటర్లు. మిగిలినవారికి సగటున వచ్చింది సుమారు 50 కిలోమీటర్లే. ఓల్సన్ దగ్గర అందుకున్న గన్నర్ కాసెన్ ఫిబ్రవరి 2 తెల్లవారుజామున 5:30కు నోమ్ చేరారు. మొత్తం ప్రయాణం 127 గంటల 30 నిమిషాలు. ఊరు బతికింది.

పేరు ఎవరికి వచ్చింది?

కాసెన్ బండికి ముందున్న కుక్క పేరు బాల్టో. అదీ సెప్పాలా పెంపకంలోదే, ఆయన ఇంటి దగ్గర వదిలి వెళ్లినది. పత్రికలన్నీ బాల్టో ఫొటో వేశాయి. 1925 డిసెంబరులోనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి కంచు విగ్రహం లేచింది. టోగో పేరు ఎవరూ ఎత్తలేదు. సెప్పాలా దీనికి చాలా బాధపడ్డారు. తన పేరు కోసం కాదు, తన ముసలి కుక్క పడిన శ్రమ ఇంకొకరి ఖాతాలో పడినందుకు.

ఆయన బాధలో న్యాయం ఉంది. అయితే మేము ఈ కథ చదువుతున్నప్పుడు ఇంకో మాట కూడా గమనించాం. ఆ 20 మందిలో చాలామంది అలాస్కా స్థానిక జాతులవారు. చార్లీ ఎవాన్స్ అనే ఆయన బండికి ముందున్న రెండు కుక్కలు చలికి కూలిపోతే, వాటిని బండిలో వేసుకుని, వాటి చోట తానే నిలబడి బండి లాగారు. ఎడ్గార్ నోల్నర్, జార్జ్ నోల్నర్ అన్నదమ్ములు. మైల్స్ గొనాంగ్నన్, విక్టర్ అనాగిక్, టామీ పాట్సీ, శామ్ జోసెఫ్... ఈ పేర్లు ఎంతమందికి తెలుసు? అందరికీ బంగారు పతకం, అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకంతో ప్రశంసా పత్రం, తలా 25 డాలర్లు ఇచ్చారు. కానీ పత్రికల మొదటి పేజీల్లో వారు లేరు. ఆ జబ్బుతో చనిపోయినవారి లెక్క కూడా అంతే. పట్టణంలో చనిపోయిన కొద్దిమంది లెక్క రికార్డులో ఉంది. ఊరి వెలుపల గుడిసెల్లో చనిపోయిన స్థానికుల లెక్క సరిగా రాసినవారే లేరు. అంతకు ఏడేళ్ల ముందు, 1918 ఫ్లూ జ్వరంలో నోమ్ స్థానికుల్లో సుమారు సగం మంది పోయారు. లెక్కలో రానివాళ్లు ఎవరో ఊహించడం మనకు కష్టం కాదు.

బాల్టో కథ కూడా సుఖంగా సాగలేదు. విగ్రహం సెంట్రల్ పార్కులో ఉండగానే బాల్టోను, తోటి కుక్కలను వినోద ప్రదర్శనకు అమ్మేశారు. తిండి లేక చిక్కిపోయి ఉన్న వాటిని 1927లో క్లీవ్‌లాండ్ నగరం ఆదుకుంది. బడి పిల్లలు సైతం పైసా పైసా పోగుచేసి ఇచ్చారు. పేరు రావడం వేరు, ఆదరణ దొరకడం వేరు అని దీన్నిబట్టి తెలుస్తోంది.

లేక్ ప్లాసిడ్‌లో చలికాలపు రోజు

1926లో సెప్పాలా టోగోతో, ఇతర కుక్కలతో అమెరికా పట్టణాలన్నీ తిరిగారు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అముండ్‌సెన్ స్వయంగా టోగో మెడలో బంగారు పతకం వేశారు. 1927లో మేన్ రాష్ట్రంలోని పోలండ్ స్ప్రింగ్‌లో ఆర్థర్ వాల్డెన్ అనే పేరున్న పందెగాడి పెద్ద కుక్కలను సెప్పాలా చిన్న కుక్కలు ఓడించాయి. టోగోను అక్కడే విశ్రాంతిగా ఉంచారు. 1929 డిసెంబరు 5న అది కన్నుమూసింది.

1932లో లేక్ ప్లాసిడ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. వాటిలో కుక్కలబండి పందేన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. ఇది నోమ్ పందెంలా రోజుల తరబడి సాగేది కాదు. స్ప్రింట్ పందెం అంటారు. ఒక్కో రోజు 25.1 మైళ్లు, రెండు రోజులు. రెండు రోజుల సమయం కలిపి ఎవరిది తక్కువైతే వారు విజేత. ఫిబ్రవరి 6, 7 తేదీల్లో అమెరికా, కెనడాల నుంచి 12 బండ్లు పాల్గొన్నాయి.

ఇలాంటి పందెం రోజు ఎలా ఉంటుందో మిత్రులకు చెప్పాలి. బండ్లన్నీ ఒకేసారి వదిలితే తాళ్లు చిక్కుపడి కుక్కలు కొట్టుకుంటాయి. అందుకని మూడేసి నిమిషాలకు ఒక బండి చొప్పున వదులుతారు. తమ వంతు వచ్చేదాకా కుక్కలు ఆగలేక అరుస్తాయి, గాలిలోకి ఎగురుతాయి. కొందరు మనుషులు పట్టుకుని ఆపాలి. వదిలిన మరుక్షణం అరుపులన్నీ ఆగిపోతాయి. మంచు మీద పాదాల చప్పుడు, బండి జారే చప్పుడు మాత్రమే వినబడతాయి. పగ్గాలు ఉండవు, కళ్లెం ఉండదు. జీ అంటే కుడికి, హా అంటే ఎడమకు. నోటిమాట ఒక్కటే ఆధారం. ముందున్న కుక్క మాట వింటుంది, మధ్యవి వేగం ఇస్తాయి, బండికి దగ్గరగా కట్టిన బలమైన జత మలుపుల్లో బరువు కాస్తుంది. ఎక్కుడు వస్తే తోలేవారు దిగి బండి వెనక పరుగెత్తాలి. బండ్లు కంటికి కనబడకుండా పోయాక జనం చలిలో గడియారాలు చూసుకుంటూ నిలబడతారు. తిరిగి మొదట వచ్చినవాడే గెలిచాడని చెప్పలేం, సమయం లెక్క తేలాలి.

అప్పటికి సెప్పాలాకు 54 ఏళ్లు. ఎదుట కెనడా యువకుడు ఎమిల్ సెయింట్ గొడార్డ్. గొడార్డ్ మొత్తం సమయం 4 గంటల 23 నిమిషాల 12.5 సెకన్లు. సెప్పాలాది 4 గంటల 31 నిమిషాల 1.8 సెకన్లు. ఎనిమిది నిమిషాల లోపు తేడాతో ఆయన రెండో స్థానంలో నిలిచారు. దూరపు దారిలో ఒకే వేగంతో సాగే కుక్కలవి, పొట్టి దారిలో మెరుపు వేగం కావాలి. వీటన్నిటికీ తోడు వయసు. అయినా ఆయన పోటీకి వెళ్లారు, చివరిదాకా పరుగెత్తారు. మూడుసార్లు వరుసగా గెలిచినవారు ఓడిపోతామేమోనని ఇంట్లో కూర్చోలేదు. అది మాకు గెలుపుకన్నా తక్కువ అనిపించలేదు.

తర్వాతి కాలం

సెప్పాలా చివరి రోజులు సియాటిల్ నగరంలో గడిపారు. 1967 జనవరి 28న 89వ ఏట మరణించారు. ఆయన చితాభస్మాన్ని అలాస్కాలో తాను బండి తోలిన ఇడిటరాడ్ బాట మీదే చల్లారు.

స్ప్రింట్ పందేలు అలాస్కాలో ఆగలేదు. 1946 నుంచి యాంకరేజ్‌లో ప్రతి ఫిబ్రవరి ఉత్సవాలలో రోజుకు 25 మైళ్ల చొప్పున మూడు రోజుల పందెం మొదలైంది. వీధుల్లో మంచు చాలకపోతే లారీలతో తెచ్చి పరుస్తారు. అక్కడ 1958లో జార్జ్ ఆట్లా అనే ఎవరికీ తెలియని అథబాస్కన్ యువకుడు గెలిచారు. చిన్నప్పుడు ఎముకల క్షయతో ఊరికి, తల్లిదండ్రులకు దూరంగా ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో గడిపి, మోకాలు వంగని కాలితో తిరిగి వచ్చినవారు ఆయన. ఆ పందేన్ని మొత్తం పదిసార్లు గెలిచి 2015లో కన్నుమూశారు. 1925లో పత్రికలు పేరు రాయని ప్రజల్లోంచే తర్వాతి తరంలో ఆ ఆటకు గొప్ప విజేత వచ్చారు.

టోగోకు కూడా ఆలస్యంగానైనా న్యాయం జరిగింది. 2001లో న్యూయార్క్ సీవర్డ్ పార్కులో దాని విగ్రహం నిలబెట్టారు. 1973లో మొదలైన ఇడిటరాడ్ పందెంలో ఏటా సెప్పాలా పేరిట ఒక పురస్కారం ఇస్తున్నారు. అది మొదట వచ్చినవారికి ఇచ్చేది కాదు. తన కుక్కలను అందరికన్నా బాగా చూసుకున్నవారికి ఇచ్చేది. 1914లో కుక్కల పాదాల నెత్తురు చూసి పందెం వదులుకున్న మనిషికి ఇంతకన్నా తగిన గౌరవం ఉండదని మేము అనుకుంటున్నాం.

మన హాస్టల్ మిత్రులకు చెప్పదలచుకున్నది ఒక్కటే. మనలో ఎవరైనా ఒకరోజు పెద్ద ఉద్యోగం సాధిస్తే ఆ ఫొటో పేపర్లో వస్తుంది. రావాలి కూడా. కానీ ఆ ఒక్కరి వెనక ఫీజు కోసం కూలికి వెళ్లిన తల్లిదండ్రులు, చదువు మానేసి తమ్ముణ్ణి పంపిన అక్క, తన పుస్తకాలు వదిలి వెళ్లిన సీనియర్, తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండిపెట్టిన వంటమనిషి ఉంటారు. మందు వారి చేతుల మీదుగానే మన దాకా వచ్చింది. వారి పేర్లు మనమే రాయాలి. అలాగే ఈరోజు పనికిరాడని పక్కన పెట్టిన జూనియర్ ఎవరైనా మన మధ్య ఉంటే, టోగోను ఒక్కసారి గుర్తు చేసుకుని వాడికీ ముందు వరుసలో చోటిద్దాం.